ఫ్లాష్ పడని పెళ్లి

కొత్త కెమెరా కొన్న ప్రతివాడూ ఈ మధ్య నాకు ఫోన్ చేసి ఒకే మాట చెబుతున్నాడు. "అన్నా, చీకట్లో గూడా పట్టపగల్లాగా తీస్తది!" నేను "జాగ్రత్త నాయనా" అంటాను. మెడలో బెల్టు సరిగ్గా వేసుకోమంటున్నానని వాడనుకుంటాడు. బెల్టు సంగతి కాదు తమ్ముళ్లూ. చీకట్లో చూడగలిగే కెమెరా పట్టుకుని నేను ఒక ఊళ్లో ఏం చేసి వచ్చానో తెలిస్తే, మీరు మీ కెమెరాని రెండు నెలలు పూజగదిలో పెట్టి, బాగా ఆలోచించుకుని, ఆ తర్వాతే పెట్టె విప్పుతారు.

ముందు నా గురించి రెండు ముక్కలు. చదివింది ఎనిమిది, అదీ సగమే. ఆ ఏడాది బడి గ్రూపు ఫోటో తీయడానికి వచ్చినాయన వెంట నడిచి వెళ్లిపోయాను. ఆ ఫోటో ఇప్పటికీ మా బడి గోడకి ఉంది. అందులో నేను లేను, కెమెరా పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ నా నీడ ఉంది. నా చదువుకు ఆధారం ఏదైనా ఉందా అంటే ఆ నీడే. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు నాయుడుపేటలో స్టూడియో నడిపాను. నిరుడు షట్టర్ దించేశాను. దుకాణం షట్టరే, కంగారు పడకండి.

మా కాలంలో ఫోటో అంటే ఫ్లాష్. మీకు ఫ్లాష్ అంటే వెలుగు. జనానికి అది రసీదు. మెరిసిందంటే పడ్డట్టు, మెరవలేదంటే పడనట్టు. మెరిసేదాకా ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, గడ్డం ఎత్తి నిలబడతారు. మెరవగానే "అమ్మయ్య" అని మొత్తం మనిషి అరడుగు కిందికి జారిపోతాడు.

ఫ్లాష్‌కి ఇంకో మంచి గుణం ఉంది. దాని విలువ నాకు ఆ పెళ్లి దాకా తెలియదు. దగ్గరున్నవాళ్లని తెల్లగా చూపించి, ఆ వెనకదంతా నల్లగా కప్పేస్తుంది. వెనక ఎవరు ఎవరితో ఏం చేస్తున్నారో నాకనవసరం అంటుంది. ఎంత మర్యాదస్తురాలో చూడండి.

అట్లాంటిదాన్ని నేను వదిలేశాను. కారణం ఒక పెళ్లికూతురు. ఆల్బం తిరగేసి, "అంకుల్, నన్ను పిండిలో దొర్లించి తీసినారా?" అని అడిగింది. పక్కనున్న వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. అప్పటికే నెల్లూరు స్టూడియోలవాళ్లు ఫ్లాష్ లేకుండా, దీపం వెలుగులో దీపంలాంటి ఫోటోలు తీసి నా బేరాలు పట్టుకుపోతున్నారు. చెన్నై వెళ్లి, చీకట్లో తీసే కొత్త కెమెరా తెచ్చుకున్నాను. ఎంతయిందో ఇక్కడ రాయను. మా ఇంటావిడ ఇది చదివే ప్రమాదం ఉంది.

నాతో పాటు పెళ్లిళ్లకి వచ్చే వీడియో ఆయన ఒకడుండేవాడు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏళ్లుగా బావా అంటే బావా అనుకోవడమే. ఆయన బలమంతా వెయ్యి వాట్ల లైటులో ఉండేది. దాని ముందు నిలబడితే పెళ్లికొడుకు మొహాన బొట్టు కరిగి ముక్కు మీదికొచ్చేది. నేను ఫ్లాష్ ఇంట్లో వదిలేసి, కొత్త కెమెరా ఒక్కటే పట్టుకుని వ్యాన్ ఎక్కేసరికి బావ ఎగాదిగా చూశాడు.

"ఏంది బావా, లైటు లేకుండా పోతుండావ్? పెళ్లికి పోతుండామా, దొంగతనానికా?"

"నీ లైటు నా ఫోటోల మీద పడనీబాక. నాకు చీకటి కావాల" అన్నాను.

అడిగినంత చీకటీ దొరికింది.

పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఇసుక మీదున్న చేపలవాళ్ల ఊరు అది. ముహూర్తం పొద్దుగుంకే వేళకి. ముందుగా వెళ్లి, ఎవరెవరి ఫోటోలు తప్పకుండా కావాలో పెళ్లికూతురి తల్లిని అడుగుతున్నాను. మా పనిలో అది ముఖ్యం. అలిగే చుట్టాల పట్టీ ముందే రాసుకోవాలి.

"మేనమామ యాడమ్మా? గంపలో పిల్లని ఎత్తుకొచ్చేది ఆయనే గదా. ముందు ఆయన్ని ఒకటి తీసుకుంటా."

ఆమె అటూ ఇటూ చూసింది. "ఆయన రాడు ఫోటో అన్నా. మా పెదనాయన కొడుకు ఎత్తతాడు గంప. మా అన్న పేరు గట్టిగా అనబాక."

తర్వాత మెల్లగా తానే చెప్పింది. ఆ ఊళ్లలో కాపులు అంటే కులం కాదు, ఊరు ఎంచుకున్న పెద్దలు. పెద్దకాపు మాట ఊరికి కట్టు. రెండేళ్ల కిందట ఒక మనిషి సముద్రంలో తప్పిపోతే, శవం ఒడ్డుకొచ్చేదాకా ఎవరూ పడవ దించకూడదని పెద్దకాపు చాటించాడు. ఈమె అన్న మాత్రం తెల్లారేసరికి దించాడు. ముందురోజు వేసిన వల లోపలే ఉండిపోయింది, గాలికి తెగిపోతుంది, అందుకని. తప్పు ఒప్పుకోమన్నారు. "నా వల నేను తెచ్చుకున్నా. తప్పేందో చెప్పండి, ఒప్పుకుంటా" అన్నాడు. అంతే, ఆయన మీద దురాయి వేశారు. దురాయి అంటే వెలి. ఎవరూ మాట్లాడకూడదు, నీళ్లివ్వకూడదు, బీడీకి నిప్పివ్వకూడదు, మంచికీ చెడుకీ పిలవకూడదు. తప్పినవాళ్ల మీదా అదే పడుతుంది.

"దురాయి చాటించిన పెద్దకాపు, మా అన్న ఒకే పడవలో ఇరవై ఏళ్లు వల లాగినోళ్లు" అందామె. "నా బిడ్డ ఆయన భుజం మీద పెరిగింది. ఏం జేస్తాం?"

నేను పట్టీలో మేనమామ పేరు కొట్టేశాను. నా పని ఫోటోలు తీయడం.

తాళి పడింది, కరెంటు పోయింది. రెంటికీ మధ్య పది నిమిషాల తేడా కూడా లేదు. జనరేటరు రెండుసార్లు దగ్గి పడుకుంది. బావ వెయ్యి వాట్ల లైటు ఉత్త రేకుడబ్బా అయిపోయింది. నా జీవితంలో కరెంటు పోయినందుకు సంతోషించిన పెళ్లి అదొక్కటే. "రండి, అందరూ బయటికి రండి, నేనుండా!" అని అరిచాను. పందిట్లో ఉన్న చీకటంతా నా సొంత సరుకన్నట్టు.

పందిరి బయట పడవలు వరసగా ఒడ్డుకి లాగి ఉన్నాయి. ఆకాశంలో ఆఖరి వెలుగు, నలుగురి చేతుల్లో సెల్‌ఫోన్ లైట్లు. కెమెరాని స్టాండు మీద నిలబెట్టాను, ఇక కదపలేదు. ముందు పెళ్లికొడుకు అరుంధతిని చూపించాడు. మబ్బులో నక్షత్రం లేదు, వేలు మాత్రం ఉంది. దాని తర్వాత గ్రూపులు మొదలుపెట్టాను. అత్తగారివైపు, అమ్మగారివైపు, కాపులు, వంటవాళ్లు, పురోహితుడుగారు, ఒక్కొక్క జట్టూ వచ్చి పడవల ముందు నిలబడడం, పోవడం.

"తీసినావా?"

"తీసేశాను."

"ఏందన్నా తీసేది, మెరుపు రాలా?"

"ఈ కెమెరాకి మెరుపు అక్కర్లేదు."

"మెరుపు లేకపోతే మా మొహం దాంట్లోకి ఎట్టా పోతది?"

ఒక పెద్దావిడ అయితే కదలనే లేదు. "నేను ఊపిరి బిగబట్టుకోనుండా. నువ్వు మెరిపిస్తే వదుల్తా." ఆవిడ ప్రాణం కోసం బావ చేత సెల్‌ఫోన్ టార్చి ఒకసారి వెలిగించి ఆర్పించాల్సి వచ్చింది. ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

వాళ్లు మెరుపు కోసం కదలకుండా నిలబడడమే నాకు మేలైంది. చీకట్లో కెమెరా కన్ను కాసేపు తెరిచి ఉంచాలి, ఎదటివాడు కదిలితే అలుక్కుపోతాడు. ఒక్కడూ కదలలేదు. నేను మురిసిపోయాను. వెనక ఏముందో చూడలేదు. వెనకెప్పుడూ నల్లగానే వస్తుంది గదా, ముప్పై అయిదేళ్ల అలవాటు.

ఇదీ నా మొదటి తప్పు. రెండోది మూడోరోజు చేశాను.

మా పనిలో సెలక్షన్ అని ఒక తంతు ఉంది, మీకు తెలిసిందే. పెళ్లికూతురు, పెళ్లికొడుకు మూడు నిద్రలకి పెళ్లికూతురి పుట్టింటికి వచ్చినప్పుడు, ఆల్బంలోకి ఏ ఫోటోలు కావాలో ఎంచుకోవడానికి పెన్‌డ్రైవ్ టీవీకి తగిలిస్తాం. ఇంటివాళ్ల కోసం అని పేరు, వచ్చేది ఊరు. అంతకుముందు నేను ప్రతి ఫోటో ఒకటికి రెండుసార్లు చూసి, తుడిచి, దిద్ది తీసుకెళ్లేవాణ్ణి. కొత్త కెమెరా కదా, దిద్దే పనేముంది! అన్ని ఫోటోలకీ కలిపి కంప్యూటర్లో ఒక్క నొక్కుతో వెలుగు పెంచేసి, పెన్‌డ్రైవ్‌లో పోసుకుని, ఈల వేసుకుంటూ వెళ్లాను. నేను తీసిన ఫోటో నేను చూడకుండా జనానికి చూపించడం అదే మొదలు. అదే ఆఖరు కూడా.

చాపల మీద నలభై మంది. గుమ్మంలో ఇంకో పదిమంది. తాళి ఫోటోకి ఈలలు. తలంబ్రాల ఫోటోకి పెళ్లికొడుకు మీద జోకులు. దాని తర్వాత అరుంధతి ఫోటో వచ్చింది.

ముందు పెళ్లికొడుకు వేలు, పెళ్లికూతురి మొహం. ఆ వెనక, రెండు పడవల సందులో, పగటిపూట కూడా అంత స్పష్టంగా కనబడదు, ఇసుక మీద ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల తువ్వాలు. పక్కన పళ్లెం పట్టుకుని పెళ్లికూతురి తల్లి. ఆయన చెయ్యి పైకి లేచి ఉంది. ఆ చేతిలోంచి బయల్దేరిన అక్షింతలు సన్నటి పసుపుచారల్లాగా గాల్లో ఆగిపోయి ఉన్నాయి, పెళ్లికూతురి వీపు వైపు.

నలభై మంది ఉన్న ఇంట్లో ఫ్యాను చప్పుడు అంత గట్టిగా వినబడడం నేను ఎప్పుడూ ఎరగను. నా చేతిలో రిమోటు ఉంది. నొక్కితే ఆ బొమ్మ పోతుంది. నా వేలు నా మాట వినలేదు.

పెళ్లికూతురు చాప మీద నుంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. "మామ వచ్చినాడా?" అంది, ఎవరినీ చూడకుండా. "అమ్మా, మామ వచ్చినాడా పెళ్లికి?"

తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెండోకాపు లేచాడు. పెద్దకాపు తర్వాత ఊళ్లో ఆయనదే మాట, ఆయనదే గొంతు కూడా. "ఆపు. ఆ పుల్ల బయటికి తియ్" అన్నాడు. పుల్ల అంటే పెన్‌డ్రైవ్. "దురాయంటే ఆటగా ఉండాదా ఈ ఇంటోళ్లకి? సాయంత్రం తుఫాను షెల్టరు కాడ కూచ్చుంటాం. ఏయ్ ఫోటో ఆయనా, నువ్వు గూడా రావాల. పుల్లతో సహా, టీవీతో సహా."

జనం లేచి వెళ్లిపోయారు. కాఫీ గ్లాసులు సగం సగం అట్లాగే ఉండిపోయాయి.

నేను వ్యాన్ దగ్గరికి వెళ్తుంటే పెళ్లికూతురి తల్లి వెనకవైపు నుంచి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, అది చూసి ఇంకా భయం వేసింది.

"ఫోటో అన్నా, మా మీద గూడా దురాయి పడితే మా ఆయన పడవ ఎవురూ ఎక్కరు. అది ఎట్టో పడతాం. కానీ పిల్ల అత్తగారి ఊరోళ్లకి గూడా ఇదే కట్టు. ఇంక నా బిడ్డ ఈ గడప తొక్కే పనుండదు, నేను ఆ గడప తొక్కే పనుండదు. మా అన్నని ఆ ఫోటోలోకి నువ్వే అతికించినట్టు చెప్పు. నీకు తెలిసిన పనే గదా."

తెలిసిన పనే. చచ్చిపోయిన తాతల్ని తెచ్చి మనవరాళ్ల పెళ్లిళ్లలో నిలబెట్టినవాణ్ణి నేను. ఒక తాతకి పొరపాటున రెండూ ఎడమచేతులే పెట్టాను, ఆ కుటుంబం ఇప్పటికీ గమనించలేదు. అతికించానని చెబితే ఊరు నమ్ముతుంది. నా కొత్త కెమెరా పరువు పోతుంది, పోనీ. "సరేనమ్మా" అన్నాను.

వ్యాన్‌లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. అబద్ధం చెప్పేముందు దానికి తగ్గట్టు మిగతా ఫోటోలు ఎట్లా ఉన్నాయో చూసుకోవాలి గదా. వాటిని అప్పటిదాకా నేనూ చూడలేదు. బావ నా భుజం మీదుగా చూస్తున్నాడు.

మొదటి గ్రూపు తెరిచాను. ముందు అత్తగారివైపు పదిమంది, ఊపిరి బిగబట్టుకుని. వెనక పడవల సందులో అదే మనిషి, ఆయన ముందు విస్తరాకు. వడ్డిస్తున్నది పెళ్లికూతురి తండ్రి.

"అమ్మో, ఈయన గూడానా!" అన్నాడు బావ.

రెండో గ్రూపు. ముందు పెళ్లికూతురి తండ్రివైపువాళ్లు. వెనక, ఇందాకటి గ్రూపులో ముందు నిలబడ్డ పెద్దాయన ఒకాయన, మేనమామ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మూడోదాంట్లో వెనక పురోహితుడుగారు ప్రసాదం పెడుతున్నారు. నాలుగోదాంట్లో ఊపిరి వదలని పెద్దావిడ! ముందు నిలబడి మెరుపు కోసం నా ప్రాణం తీసిన మనిషి, రెండు నిమిషాల్లో వెనక చేరి ఆయన తల నిమురుతోంది.

నొక్కుతున్న కొద్దీ వస్తూనే ఉన్నారు. ముందు జట్టు ఫోటోకి నిలబడితే ఊరి కళ్లన్నీ అటే ఉంటాయి. ఆ సందులో ఒక్కడు వెనక్కి జారుకుంటాడు, వాడొచ్చేస్తే ఇంకొకడు. తానొక్కడే కట్టు తప్పానని ప్రతివాడూ అనుకున్నాడు. చీకటి కాపాడుతుందనుకున్నారు. నేను ఆ చీకట్లోనే కెమెరా పాతిపెట్టి కూర్చున్నానని వాళ్లకి తెలియదు. మెరిసుంటే గదా తెలిసేది!

"బావా, పదమూడోది చూడు" అన్నాడు బావ.

పదమూడోదాంట్లో చిన్న నిప్పు. అగ్గిపుల్ల వెలుగులో రెండు మొహాలు. ఒకటి మేనమామది, నోట్లో బీడీ. ఆ బీడీ ముట్టిస్తూ రెండు చేతులు అడ్డం పెట్టినవాడు రెండోకాపు. పొద్దున టీవీ ముందు లేచి "ఆటగా ఉండాదా" అన్న రెండోకాపు.

నేను ల్యాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ చూశాను. ఆయనే. మీసంతో సహా.

పద్నాలుగోదాంట్లో ఇంకో విచిత్రం. ముందు వంటవాళ్లు. వెనక నీళ్ల సీసా అందిస్తున్న మనిషి మెడలో వీడియో కెమెరా.

"నువ్వెప్పుడు పొయ్యినావురా?" అన్నాను.

"కరెంటు లేదు గదా బావా, ఊరికే నిలబడుండా" అన్నాడు బావ, కాళ్ల వంక చూసుకుంటూ. "దప్పికన్నాడు. వెలి గిలి నాకేం తెలుసు?"

మొత్తం చూశాం. కాపులందరూ ఉన్నారు, ఒక్కరు తప్ప. ముందు వరసలో కుర్చీలో ఆరు ఫోటోల్లో కూర్చున్న పెద్దకాపు, వెనక ఒక్కదాంట్లోనూ లేడు. మూడుసార్లు వెతికాం. లేడు.

సాయంత్రం తుఫాను షెల్టరు కింద సిమెంటు గచ్చు మీద ఊరు కూర్చుంది. స్తంభానికి ఆనించి పొద్దుటి టీవీనే పెట్టారు. పెద్దకాపు తెల్ల పంచె, తెల్ల మీసం, మాట తక్కువ మనిషి. మేనమామ అక్కడికి రాకూడదు. దూరంగా తన పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తన గురించే ఇదంతా అని తెలిసి కూడా తల ఎత్తలేదు.

పెద్దకాపు నన్నే అడిగాడు. "అబ్బయ్యా, ఇది తీసిందా, అతికించిందా?"

పెళ్లికూతురి తల్లి నా వంక చూసింది. నేను నోరు తెరిచాను. "అదీ... పెద్దకాపుగారూ, కంప్యూటర్లో మేం అప్పుడప్పుడూ..."

"అబద్ధం!" రెండోకాపు లేచాడు. "అతికించేది అయితే ఆ ఒక్కదాంట్లోనే ఉండాల గదా? ఆ పుల్లలో ఉండేవన్నీ ఎయ్యమను. ఇంకెన్నిట్లో ఉండాడో, ఇంకెంతమంది ఈ ఇంటోళ్లు పొయ్యినారో తేలిపోద్ది!"

చీకటి మీద ఆ మనిషికి ఎంత నమ్మకం! "అన్నీనా కాపుగారూ?" అన్నాను. "బాగా ఆలోచించుకోని చెప్పండి."

"అన్నీ!"

"అన్నీ ఎయ్యి" అన్నాడు పెద్దకాపు.

వెనక నుంచి బావ నా చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన భయం ఆయనది, పద్నాలుగోది ఉంది గదా. కానీ పెద్దకాపు మాట అయిపోయింది. వేశాను.

ఒకటి. పెళ్లికూతురి తండ్రి తల దించుకున్నాడు. రెండు. ఆ పెద్దాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మూడు, పురోహితుడుగారు. నాలుగు, పెద్దావిడ "నేను కాదు" అంది, టీవీలో తన మొహం తన్నే చూస్తుంటే. ఒక్కో ఫోటోకీ గచ్చు మీద ఒక్కో తల వంగిపోతోంది. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వించేవాణ్ణి, నా వల్ల కూడా కాలేదు. తన తల వంచుకున్నవాడు పక్కవాడి తల వంగడం చూసి నోరు తెరిచేవాడు. "నువ్వు గూడానా?" అని ఒక గొంతు, "మరి నువ్వు?" అని ఇంకో గొంతు, గుసగుసగా.

పదమూడు. అగ్గిపుల్ల వెలిగింది.

రెండోకాపు నిలబడే ఉన్నాడు. కూర్చోవాలని కూడా తోచలేదు పాపం. ఆయన నోరు మాత్రం టీవీలో బీడీ ముట్టించేటప్పుడు ఎట్లా ఉందో అట్లాగే గుండ్రంగా తెరుచుకుని ఉంది.

అన్నీ అయిపోయాయి. టీవీ నీలంగా మిగిలింది. పెద్దకాపు నా వైపు తిరిగాడు.

"అబ్బయ్యా, నేను ఎన్నిట్లో ఉండా?"

"ఆరింట్లో ఉండారు పెద్దకాపుగారూ. ముందర."

"ఎనక?"

"ఎనక లేరు."

"ఒక్కదాంట్లో గూడా?"

"లేరు. మూడుసార్లు ఎతికినాం."

ఆయన తలాడించాడు. తన మాట నిలబెట్టుకున్న మనిషి గర్వపడతాడనుకున్నాను. ఆయన మొహంలో నేను చూసింది గర్వం కాదు.

"ఊరంతా వాడితో మాట్లాడతా ఉండారు" అన్నాడు మెల్లగా. "నాతో ఎవురూ చెప్పలా. నేనొస్తే మాట మార్చినారు, నేను పోతే వాడి కాడికి పోయినారు. రెండేళ్లు. దురాయి వాడి మీద ఎయ్యలేదురా నేను. నా మీద ఏసుకున్నా."

జవాబు చెప్పడానికి మొహం ఉన్నవాడు అక్కడ ఒక్కడూ లేడు, నాతో కలిపి.

పెద్దకాపు లేచి ఇసుక మీద నడిచాడు, పడవ వైపు. మేం దూరంగా వెనకాలే వెళ్లాం. వల బాగుచేసే చెయ్యి ఆగలేదు. పెద్దకాపు ఆయన ఎదురుగా నిలబడి, జేబులోంచి బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"తప్పు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

పెద్దకాపు నోట్లో బీడీతోనే ముందుకి వంగాడు. "సరే. నిప్పియ్యి."

మేనమామ చెయ్యి అప్పుడు ఆగింది. అగ్గిపెట్టె కోసం నడుం దగ్గర తడుముకున్నాడు. గాలికి మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది కూడా. మూడోదానికి పెద్దకాపు తన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అది వెలిగింది.

పెళ్లికూతురు ఎప్పుడు వచ్చిందో, నా చెయ్యి పట్టి లాగింది. "అంకుల్, ఒక ఫోటో. మామకీ కాపు తాతకీ. ఆల్బంలో అదే మొదట పెట్టాల."

ఇద్దరినీ పడవ ముందు నిలబెట్టాం. పొద్దు దిగిపోతోంది, మసక పడింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఇద్దరూ నా వంకే చూస్తున్నారు. బిర్రుగా, గడ్డాలెత్తి, భుజం భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి. నేను నొక్కాను. చప్పుడు కూడా లేని కెమెరా. ఫోటో పడింది, చక్కగా పడింది.

వాళ్లు కదలలేదు. మెరుపు కోసం చూస్తున్నారు.

బావ జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు, టార్చి వెలిగించి ఆర్పడానికి. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకా తియ్యలేదా అబ్బయ్యా?" అన్నాడు పెద్దకాపు, పెదవులు కదలకుండా.

"ఉండండి పెద్దకాపుగారూ" అన్నాను. "ఇంకొంచెం దగ్గరికి జరగండి. మెరుస్తది, ఇప్పుడే మెరుస్తది."